కేశవరావు మూడు కొటేషన్లు

ఫిబ్రవరి పద్నాలుగు, శుక్రవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. జనక్‌పురిలో ఒక మూడంతస్తుల బ్లాకు, రెండో అంతస్తు. కేశవరావు కొన్న కెమెరా, కేశవరావు కొన్న రికార్డర్‌కి పట్టలేదు.

కెమెరా తోక చివర ఉన్న మూతి నలుపలక. రికార్డర్ వెనకాల ఉన్న కన్నాలు గుండ్రం. కేశవరావు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టి చూశాడు. పెట్టెలోంచి ఇంకో కెమెరా తీసి చూశాడు. అదీ పలకే.

గోడకి నిచ్చెన వేసుకుని నిలబడ్డ కరెంటు మిస్త్రీ దిగివచ్చి, మూల ఉన్న వైరు చుట్టని ప్లాస్టిక్ చింపకుండానే వేలితో నొక్కి చూశాడు.

"అంకుల్‌జీ, ఈ తార్ డబ్బాకి లగేగా, కెమెరాకి నహీ లగేగా," అన్నాడు, వైరు రికార్డర్‌కే పడుతుందని. తెలుగువాళ్ళ ఇళ్ళలో పదేళ్ళు పనిచేసినవాడు. అతని భాష అలాగే ఉంటుంది. "సామాన్ ఠీక్ చేసి బులాయియే," అని, సరైన సామాను తెచ్చాకే పిలవమని, నిచ్చెన అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

ఇది ఎలా జరిగిందంటే, నియమం ప్రకారం జరిగింది.

జనవరిలో బ్లాకు కింద గోడకున్న నీళ్ళ మీటర్లు నాలుగు పోయాయి. ఇత్తడి కోసం విప్పుకుపోయారు. పన్నెండు ఇళ్ళవాళ్ళు డాబా మీద ఎండలో కూర్చుని కెమెరాలు పెట్టాలని తీర్మానించారు. సంఘం అధ్యక్షుడు భాటియా, తన బావమరిది ఈ వ్యాపారంలోనే ఉన్నాడని, కెమెరా నుంచి మేకు దాకా అన్నీ అతనే తెచ్చి బిగించి పోతాడని చెప్పాడు.

"సింగిల్ టెండర్," అన్నాడు కేశవరావు. "ఒప్పుకోను."

ఆయన కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో స్టోర్సు కొనుగోలు విభాగంలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఊరు తణుకు. ఆర్.కె. పురం క్వార్టర్ ఖాళీ చేసి ఆరేళ్ళ కిందట ఈ ఇంటికి వచ్చాడు. ఏది కొన్నా మూడు కొటేషన్లు తీసుకోవాలి, తక్కువ చెప్పినవాడి దగ్గర కొనాలి. ఆఫీసుకి పంకాలు అలాగే కొన్నాడు, కూతురి పెళ్ళికి అరిటాకులు అలాగే కొన్నాడు.

"అయితే నువ్వే కొను రావ్ సాహబ్," అన్నాడు భాటియా. "పదహారో తారీఖు మీటింగులో చూపించు."

కేశవరావు కెమెరాలకి మూడు కొటేషన్లు, రికార్డర్‌కి మూడు, వైరుకి మూడు తీసుకున్నాడు. తొమ్మిది కాగితాలూ పక్కపక్కన పెట్టి పట్టిక గీశాడు. ఒక్కో వస్తువుకి తక్కువ చెప్పిన దుకాణం ఒక్కోటి. ఫిబ్రవరి ఒకటిన ఎర్రకోట ఎదురుగా ఉన్న లాజ్‌పత్‌రాయ్ మార్కెట్‌కి వెళ్ళి మూడు దుకాణాల్లో మూడు వస్తువులు కొన్నాడు. పట్టికలో తప్పు లేదు. పట్టికలో లేని గడి ఒకటే: ఇవి ఒకదానితో ఒకటి పనిచేస్తాయా అన్నది.

ఇప్పుడు సమావేశానికి రెండు రోజులుంది. ఆదివారం పదకొండు గంటలకి కెమెరాలు నడవకపోతే పని భాటియా బావమరిది చేతికి పోతుంది. పోతే పోయింది. ముప్పై నాలుగేళ్ళలో ఆయన సంతకం పెట్టి కొన్న వస్తువు ఒక్కటి కూడా వాపసు పోలేదు. రిటైరైన రోజు సన్మానసభలో ఆ మాట ఇద్దరు చెప్పారు. ఆ మాట మీదే ఆయన ఈ ఆరేళ్ళూ బ్లాకులో తలెత్తుకు తిరిగాడు. ఆదివారం పదకొండు దాటితే ఆ మాట ఉండదు.

రికార్డర్ పెట్టె మీద సహాయానికి నంబరు ఉంది. కేశవరావు ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. హిందీకి ఒకటి నొక్కమంది, నొక్కాడు. పాట వచ్చింది. పదిహేడు నిమిషాలు వచ్చింది. భార్య అనసూయ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఆ పాట నేర్చేసుకుంది.

"నమస్కార్, మై హరిత బోల్ రహీ హూ," అంది ఒక గొంతు.

కేశవరావు హిందీలో అంతా చెప్పాడు. ఆ అమ్మాయి విని, కెమెరా మూతి ఏ ఆకారంలో ఉంది, రికార్డర్ కన్నం ఏ ఆకారంలో ఉంది అని అడిగింది.

కేశవరావు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి భార్య వైపు తిరిగాడు. "ఇందాకే చెప్పానా? మళ్ళీ ఆకారం అడుగుతోందే, పెళ్ళిచూపుల్లాగ."

చెయ్యి సరిగ్గా అడ్డం పడలేదు.

"పెళ్ళిచూపులే సార్," అంది ఫోను, తెలుగులో. "సంబంధం కుదుర్తదా లేదా చూడాలె గదా."

చిక్కుడుకాయ అనసూయ చేతిలోంచి జారింది. కేశవరావు ఫోను వైపు వంగాడు. "కుదురుతుందామ్మా?"

"కుదరది సార్. మీ రికార్డర్ పాత రకం కెమెరాలకు. మీ కెమెరాలేమో కంప్యూటర్ వైరుతోని నడిచేటియి. కొన్ని రికార్డర్లు రెండింటినీ పడతయి. మీది పట్టది. వైరు ఏం తెచ్చిన్రు?"

"టీవీ వైరులా ఉంది."

"అది రికార్డర్ తరఫు సార్. కెమెరా తరఫు కాదు. సామాను మంచిదే, మూడూ మంచియే. ఒకదాని భాష ఒకదానికి రాదు, గంతే. మూడింటినీ విడివిడిగ కొనుమని ఎవరు చెప్పిన్రు?"

"నియమం," అన్నాడు కేశవరావు.

అవతల ఒక చిన్న దగ్గు వినిపించింది. నవ్వు ఆపుకుంటోందని అనసూయకి అర్థమైంది.

రికార్డరూ వైరూ మారిస్తే చాలు, కెమెరాలు ఉంచుకోవచ్చు అని హరిత చెప్పింది. కానీ మార్చడం కంపెనీ చేతిలో లేదు. అమ్మిన దుకాణమే మార్చాలి. కేశవరావు బిల్లు తీశాడు. అడుగున హిందీలో అచ్చువేసి ఉంది: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. ఆయన బిల్లు బల్ల మీద పెట్టి ఊరుకున్నాడు.

అనసూయ ఫోను లాక్కుంది. "ఏ ఊరమ్మా మీది?"

"జగిత్యాల ఆంటీ."

"ఇక్కడెక్కడుంటావ్?"

"నోయిడా సెక్టార్ అరవై రెండుల. పీజీల ఉంట."

"తిండి?"

"రాజ్మా." కొంచెం ఆగి, "నిన్న గుడ రాజ్మా," అంది.

"రేపు నీకు సెలవేనా?"

"ఆఫే ఆంటీ. గని ఈ కాల్ రికార్డయితాంది, నేను సొంత విషయాలు మాట్లాడొద్దు."

"అయితే మీ మేనేజరుకి కూడా చెబుతున్నా. రేపు మా ఇంట్లో ముద్దపప్పు, దప్పళం. మెట్రో ఎక్కితే ఒకటే బండి, మారక్కర్లేదు. జనక్‌పురి వెస్ట్‌లో దిగు."

"దప్పళం అంటే ఏంది ఆంటీ?"

"తిను, తెలుస్తుంది."

ఫోను పెట్టేశాక కేశవరావు అలమారాలోంచి ఫైలు తీశాడు. ఏడో కాగితం దాకా తిప్పి, చదివి, మూసి, మళ్ళీ అలమారాలో పెట్టాడు. అనసూయ చూసింది. ఏమిటని అడగలేదు.

శనివారం పదీ నలభైకి హరిత వచ్చింది. ఇరవై ఆరేళ్ళుంటాయి. వీపు మీద సంచి, అందులో స్క్రూడ్రైవర్లు, వైరు కొసకి మూతి బిగించే పటకారు. గుమ్మంలోనే నిలబడి వాసన పీల్చింది.

"గిదేనా దప్పళం?"

"ముందు సామాను చూడు," అన్నాడు కేశవరావు.

భోజనాల బల్ల మీద సామాను బారుగా ఉంది. ప్రతిదాని పక్కనా దాని అట్టపెట్టె, థర్మకోలు, ప్లాస్టిక్ సంచి, వైరు చుట్టకి కట్టిన తీగ. తీగకి కూడా చీటీ ఉంది: 'వైరు తీగ, 1'.

హరిత చీటీ చదివింది. అనసూయ వైపు చూసింది.

"మా ఇంట్లో మిక్సీ అట్టపెట్టె ఉంది," అంది అనసూయ. "మిక్సీ పోయి పదకొండేళ్ళు."

"మంచిదైంది ఆంటీ. డబ్బా ఉంటె సగం పని అయినట్టే." హరిత కుర్చీ లాక్కుంది. "కాగితాలున్నయా అంకుల్?"

కేశవరావు ఫైలు తెచ్చాడు. ఇస్తూ ఒక క్షణం పట్టుకున్నాడు, తర్వాత వదిలాడు. హరిత ఒక్కో కాగితం తిప్పింది. ఏడో కాగితం దగ్గర ఆగింది. అది రికార్డర్ దుకాణం కొటేషను. ధర కింద టైపు చేసిన షరతులు ఎనిమిది. ఆరోది ఆమె పైకి చదివింది:

"సరఫరా చేసిన సామాను ఉద్దేశించిన పనికి తగనిచో, పదిహేను రోజుల లోపున, పెట్టెతో సహా వాపసు ఇచ్చిన యెడల, అమ్మకందారు తగిన సామాను మార్చి ఇవ్వవలెను. కొనుగోలుదారు కారణము లిఖితపూర్వకముగా తెలుపవలెను." ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఆమె అక్కడికక్కడే తెలుగు చేసి చదివింది, కేశవరావు ఫైలుకి తగ్గట్టు ఆఫీసు తెలుగులో. కింద దుకాణదారు సంతకం, ముద్ర ఉన్నాయి. వైరు కొటేషను తీసి చూసింది. అక్కడా షరతు ఉంది, సంతకం ఉంది, ముద్ర ఉంది.

"అంకుల్! ఇది ఉన్నది గదా! ఇయ్యాల ఎంత తారీఖు?"

"పదిహేను," అన్నాడు కేశవరావు. "ఈరోజే ఆఖరు. రేపు ఆదివారం, బజారు మూత."

"మీకు ముందే ఎరుకనా?"

"ఆ ఫారం నేను టైపు చేసి ఇచ్చిందే, వాళ్ళు ధర వేసి ముద్ర కొట్టారు. ముప్పై నాలుగేళ్ళు ప్రతి కొటేషనులో పెట్టాను. ఎవరూ వాడలేదు."

"ఎందుకు?"

కేశవరావు కుర్చీలో కూర్చున్నాడు. "కారణం రాయాలి."

"రాయున్రి."

"కొన్నవాడి పొరపాటు అని రాయాలి."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. అనసూయ గుమ్మం దగ్గరికి వచ్చింది.

"ఇంట్లో ముప్పై ఎనిమిదేళ్ళుగా ఒప్పుకోలేదు," అంది. "బజార్లో ఒక్కసారి ఒప్పుకోండి. నేను చూడను లెండి, ఇక్కడే ఉంటాను."

హరిత నవ్వేసింది. కేశవరావు నవ్వకూడదనుకున్నాడు; కుదరలేదు. లేచి పెట్టెల్లో థర్మకోలు సర్దడం మొదలుపెట్టాడు.

"తిని వెళ్ళండి," అంది అనసూయ.

పదకొండుంపావుకి తిన్నారు. హరిత దప్పళం మూడుసార్లు వేయించుకుంది. మూడోసారి గుమ్మడికాయ ముక్క పట్టుకుని, "ఇది మా దిక్కు ఉండది ఆంటీ. ఉంటే నేను ఢిల్లీకి రాకపోదును," అంది.

ఒంటిగంటా ముప్పై అయిదుకి ఇద్దరూ లాజ్‌పత్‌రాయ్ మార్కెట్‌లో రికార్డర్ దుకాణం ముందు ఉన్నారు. హరిత చేతిలో పెట్టె, కేశవరావు ఒక చేతిలో వైరు చుట్ట, ఇంకో చేతిలో ఫైలు. దుకాణదారు ముసలాయన, మెడలో మఫ్లర్. బిల్లు అడుగున అచ్చువేసిన వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు. కేశవరావు కొటేషను మీద ముద్రపై వేలు పెట్టి చూపించాడు. ముసలాయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. షరతులు ఒకటి నుంచి ఎనిమిది దాకా చదివాడు. చదవడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

"అరే ఓ సునో!" అని పక్క దుకాణం వాళ్ళని పిలిచాడు. ఇద్దరు వచ్చారు. "తీస్ సాల్ సే మోహర్ మార్ రహా హూ," అన్నాడు వాళ్ళతో. ముప్పై ఏళ్ళుగా ముద్ర వేస్తున్నాను, ఏది వేశానో నాతో చదివించినవాడు ఇతనొక్కడే, అని కేశవరావుని చూపించాడు. వచ్చినవాళ్ళలో ఒకడు కేశవరావుకి చెయ్యి కలిపాడు.

"కారణం రాసివ్వండి జనాబ్," అన్నాడు ముసలాయన. "నా షరతు కాదు, మీదే."

కేశవరావు కలం తీశాడు. కాగితం మీద తేదీ వేశాడు. విషయం అని రాసి గీత గీశాడు. తర్వాత ఆగాడు. రోడ్డు మీద తోపుడు బండి ఒకటి దారి కోసం అరుస్తోంది. హరిత ఆయన వైపు చూడకుండా అద్దాల బీరువాలో ఉన్న కెమెరాలు చూస్తూ నిలబడింది.

ఆయన రాశాడు: 'కొనుగోలుదారు పొరపాటు. మూడు వస్తువులూ విడివిడిగా సరైనవే. కలిపి చూడలేదు.' సంతకం పెట్టాడు.

ముసలాయన అది చదివి, మడిచి, గల్లాపెట్టెలో దేవుడి పటం వెనకాల పెట్టాడు. "ఇలాంటిది నాకు ఎవరూ రాసివ్వలేదు," అన్నాడు. "అందరూ నన్నే చోర్ అంటారు." మూడు టీలు చెప్పాడు. లోపలి నుంచి కంప్యూటర్ వైరు పట్టే రికార్డర్ తెప్పించాడు. హరిత పెట్టె విప్పించి కన్నాలు చూసింది. పలకవి, ఎనిమిది. కెమెరాకి కరెంటు కూడా ఆ వైరులోంచే పోతుందని ఆమె చెబితే కేశవరావు ఫైలులో రాసుకున్నాడు.

రెండు సందుల అవతల వైరు దుకాణంలో కేశవరావు మళ్ళీ కలం తీశాడు. అక్కడివాడు చుట్టకి ప్లాస్టిక్ చిరగలేదని చూసి, కాగితం అక్కర్లేదన్నాడు.

"రాస్తాను," అన్నాడు కేశవరావు. రాసే ఇచ్చి, కంప్యూటర్ వైరు చుట్ట తీసుకున్నాడు.

మెట్రోలో కూర్చోవడానికి చోటు దొరకలేదు. ఆయన నిలబడే, "నిన్న సాయంత్రమే వచ్చుండేవాణ్ణి, నేను ఫైలు మూసేశాను," అన్నాడు.

"నిన్న అయితే దప్పళం ఉండకపోవు అంకుల్," అంది హరిత.

నాలుగింటికి ఇల్లు చేరారు. మిస్త్రీ వచ్చి నిచ్చెన ఎక్కాడు. హరిత మెట్ల మీద కూర్చుని వైరు కోసి, కొసలకి మూతులు బిగించింది. కోసే ముందు ప్రతిసారీ కేశవరావు టేపు పెట్టి కొలిచాడు. గేటుకి ఒకటి, మీటర్ల గోడకి రెండు, మెట్లకి ఒకటి. ఆరూ అయిదుకి టీవీలో నాలుగు గడులు వెలిగాయి. ఒక గడిలో కొత్త నీళ్ళ మీటర్లు నాలుగూ కనిపించాయి.

అనసూయ కొంగుతో టీవీ తెర తుడిచింది.

"నేను కిందికెళ్ళి స్వయంగా నిర్ధారించుకుంటాను," అని కేశవరావు మంకీ టోపీ పెట్టుకుని దిగాడు.

ఆయన తిరిగి వచ్చేసరికి అనసూయ, హరిత సోఫాలో ఒకరి భుజం మీద ఒకరు వాలి ఉన్నారు. హరిత కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమైంది?"

"ఏం లేదండీ," అంది అనసూయ. "బొమ్మ బాగా వస్తోంది."

హరిత ఆరూ నలభైకి బయలుదేరింది. చేతిలో అనసూయ ఇచ్చిన స్టీలు క్యారియర్. వచ్చే శనివారం క్యారియర్ వాపసు తెస్తానంది. కేశవరావు గేటు దాకా వచ్చి, "పెట్టెతో సహా అక్కర్లేదమ్మా," అన్నాడు.

ఆదివారం పదకొండు గంటలకి డాబా మీద సమావేశం. పన్నెండు ఇళ్ళ నుంచి పంతొమ్మిది మంది వచ్చారు. వేరుశనక్కాయలు, నారింజలు వచ్చాయి. భాటియా ఇంట్లోంచి టీవీ మోసుకొచ్చారు. మిస్త్రీ రికార్డర్‌ని దానికి తగిలించాడు.

కేశవరావు లేచి కాగితం చదివాడు. మొదట కొన్న సామాను తగినది కాదని, తప్పు తనదేనని, పట్టికలో ఒక గడి తక్కువైందని, నోయిడా నుంచి హరిత అనే ఇంజనీరు వచ్చి సరిచేసిందని. చదివి తల ఎత్తాడు. ఎదురుగా ఉన్నావిడ నారింజ ఒలుస్తోంది.

"అచ్ఛా, ఠీక్ హై," అన్నాడు భాటియా. "ఇప్పుడు నడుస్తోందా లేదా?"

"నడుస్తోంది."

"అలా కాదు. రికార్డింగ్ దిఖావో. దొంగ వచ్చి పోయాక చూపించాలి కదా." రిమోట్ ఆయనే తీసుకున్నాడు. మీటర్ల గోడ గడి ఎంచి, శనివారం మొదటి నుంచీ పెట్టాడు.

తెర మీద అంకెలు 18:05 నుంచి నడిచి 18:09కి వచ్చాయి. మీటర్ల గోడ. మంకీ టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు వచ్చాడు. మీటర్లు లెక్కపెట్టాడు. కెమెరా వైపు చూశాడు. ఎడమ వైపు చూశాడు, కుడి వైపు చూశాడు. ఎవరూ లేరు. రెండు చేతులూ పైకెత్తి, భుజాలు ఎగరేస్తూ, ఒక కాలు మీద గెంతుతూ గుండ్రంగా తిరిగాడు. ఢిల్లీ పెళ్ళిళ్ళలో ముప్పై ఏళ్ళు కుర్చీలో కూర్చుని చూసిన భాంగ్రా. ఒక అడుగు కూడా తప్పలేదు. నలభై సెకన్లు ఆడి, టోపీ సర్దుకుని, వెళ్ళిపోయాడు.

డాబా మీద వేరుశనక్కాయలు ఒలిచే చేతులు ఆగాయి.

"రావ్ సాహబ్!" భాటియా కుర్చీలోంచి లేచాడు. "నవంబరులో మా వాడి పెళ్ళిలో మోకాలు నొప్పి అన్నావ్! మా అమ్మ చెయ్యి పట్టుకుని లాగితే కూడా లేవలేదు! ఝూటే!"

"అప్పుడు నొప్పే," అన్నాడు కేశవరావు.

"మా పెళ్ళిలో కూడా ఈయన అదే మాట అన్నారు," అంది అనసూయ, హిందీలో, అందరికీ వినపడేలా.

నారింజ ఒలుస్తున్నావిడ నారింజ పక్కన పెట్టి, "ఫిర్ సే లగావో," అంది. భాటియా మళ్ళీ పెట్టాడు. మూడోసారి పెట్టినప్పుడు ఆయనే తెర పక్కన నిలబడి చేతులెత్తాడు. నాలుగోసారికి కేశవరావుని కుర్చీలోంచి ఇద్దరు లేపారు. మోకాలి మాట ఆయన ఎత్తలేదు.

సమావేశం పన్నెండూ నలభైకి ముగిసింది. మినిట్స్ కేశవరావు తన చేతిరాతతో రాశాడు. మూడో అంశం కింద ఉన్నది ఇది: 'కెమెరాలు నాలుగూ పనిచేయుచున్నవి. రికార్డింగును సభ్యులు నాలుగుసార్లు పరిశీలించిరి.' కింద పంతొమ్మిది సంతకాలున్నాయి.